మందల వెంట పోయిన ఇష్యూ

11 ఫిబ్రవరి 2023, కొల్లాపూర్

గొర్లకు ఏ మందు ఎంత పొయ్యాల్నో చెప్పే మా యాప్‌కు సర్వర్ తీసేసినం. కోడు, దొరికిన తప్పులు రాసే ఇష్యూలు, వాటికింద మా లొల్లి, అన్నీ ఎవరి ఫోన్ల వాళ్లకే పూర్తి కాపీ. ఇద్దరు దగ్గరికొచ్చి సింక్ కొడితే ఒకరిది ఇంకొకరికి పోతది, సిగ్నల్ అక్కర్లే. నమ్మబుద్ధి కాక నా ఫోను, అమ్మీ ఫోను పక్కపక్కన పెట్టిన. పోయింది! అమ్మీ ఏమో నాకెందుకే గొర్లు అని కసురుకుంది.

19 ఫిబ్రవరి

నాతోని కోడ్ రాసేది శివకృష్ణ. వాళ్ల పెదనాయిన బీరన్న మంద తోలుకొని, ఫోన్ల మా యాప్ ఏసుకొని కృష్ణ నది అవతలికి పోయిండంట. ఇగ ఆయన ఎటుపోతే మా ఇష్యూలు అటే. భలే ఉంది.

2 మార్చి, పొద్దున

యా అల్లా. కడుపుల పురుగులకు పోసే నట్టల మందు లెక్కల బగ్. చిన్న గొర్రెపిల్లలకు గూడ పెద్ద గొర్రె మోతాదే చూపిస్తాంది. గంత పోస్తే పిల్ల బతుకదన్నడు శివ.

2 మార్చి, మధ్యాహ్నం

సరిచేసిన. పిల్లలకు మందు పొయ్యకుండ్రి అని ఇష్యూ గూడ పెట్టిన. పంపుడెట్ల? అందరి దగ్గర కాపీ ఉందంటే తప్పు గూడ అందరి దగ్గర ఉన్నట్టే. గీ ముచ్చట ముందుగాల ఎందుకు తట్టలే? బీరన్న ఫోను కలుస్తలేదు.

శివ ఉపాయం చెప్పిండు. అవతలి మందలకు ఇంటికెల్లి బియ్యం పోయేది గూడ చేతులు మారుకుంటనే అంట. అంగడికొచ్చినోళ్లకు ఇస్తరు, వాళ్లు దారిల కలిసిన మందోళ్లకు ఇస్తరు. ఇష్యూ గూడ గట్లనే పంపుదామన్నడు.

5 మార్చి

అంగడిల మహేష్ అనే మందాయన దొరికిండు, ఆయన ఫోన్ల యాప్ ఎక్కించి సింక్ కొట్టిన. భుజాన బియ్యం సంచి, జేబుల మా ఇష్యూ. జర జల్దీ పో అన్నా అని బతిమాలిన.

9 మార్చి

ఏం రాలే. తింటె తిండి పోతలేదు.

14 మార్చి

సోమశిల రేవుల పడవ దిగినాయన ఫోన్‌కెల్లి కాపీ వచ్చింది. ఇష్యూ కింద, అందినోళ్లు రాసేకాడ, మహేష్ పేరు. దానికింద సత్తమ్మ. ఎవరీమె? ఈమెకు మేము యాప్ ఇయ్యనే ఇయ్యలేదు గదా, ఎవరి ఫోన్‌కెల్లి పోయింది? పిల్లలకు పొయ్యలేదు, చెప్పి మంచిగ చేసిర్రు అని రాసింది. ఎగిరి గంతేసిన.

బీరన్న పేరు లేదు.

20 మార్చి

బీరన్న జవాబు వచ్చింది. ఇష్యూ అందకముందే మందు పోసిండంట. రెండు పిల్లలు సచ్చిపోయినయంట. మస్తు ఏడ్చిన. అందరికి అందింది గదా, ఇష్యూ క్లోజ్ చేద్దామని అడిగిన.

21 మార్చి

కింద ఇంకో లైన్ ఉంది, నిన్న చూడలే. అప్పుడే మూసెయ్యకుండ్రి అని రాసిండు బీరన్న. గుర్వయ్య అనే ఇంకో మందాయనకు ఇష్యూ అందలేదంట, ఆయన మంద ఇంకా ముందటికి పోయిందంట. ఫోను పట్టుకొని బీరన్ననే ఆయన దగ్గరికి నడుసుకుంట పోతున్నడంట.