దివంగత చెన్నరాయప్ప సంజాయిషీ

హోసూరు,
జూన్ 9.

గౌరవనీయురాలైన శ్రీమతి అంజినమ్మ గారికి ప్రగాఢ సానుభూతితో,

మీ భర్త శ్రీ ఎం. చెన్నరాయప్ప గారు ఇక లేరన్న వార్త మమ్మల్ని తీవ్రంగా కలచివేసింది. సూళగిరి ఫ్యాక్టరీ ఉద్యోగుల వ్యవహారాలు చూసే కన్సల్టెన్సీగా, ప్యాకింగ్ సెక్షన్‌లో ఆయన చేసిన సేవలు మాకు సుపరిచితం. ఆయన క్రమశిక్షణ, ఓర్పు, ముఖ్యంగా ఎన్నడూ చెరగని ఆ చిరునవ్వు సహోద్యోగుల హృదయాల్లో చిరస్థాయిగా నిలిచిపోతాయి. ఈ కష్టకాలంలో మేము మీ వెంటే ఉన్నాం.

మీ దుఃఖంలో పాలుపంచుకుంటూ,
మధుమిత,
మధుమిత కన్సల్టెన్సీ.

తా.క.: దివంగతుల గుర్తింపు కార్డు, సేఫ్టీ షూ త్వరగా తిరిగి పంపగలరు. షూ కడిగి ఆరబెట్టి పంపితే మరీ సంతోషం.


సూళగిరి,
జూన్ 12.

మధుమితమ్మకు నమస్కారం చేసి చెన్నరాయప్ప రాసేదేమంటే,

ఇక్కడ అందరం క్షేమం. నేను కూడా క్షేమం. అది చెప్పడానికే ఈ ఉత్తరం. మీరు రాసిన దివంగతుణ్ణి నేనే.

మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. మిషన్ ఎత్తింది. తమిళానికి ఒకటి, కన్నడానికి రెండు, తెలుగుకు మూడు నొక్కమంది. మూడు నొక్కితే, మీ సమస్యను రాసి పంపండి అని చెప్పి పెట్టేసింది. అందుకే రాస్తున్నాను.

నిన్న పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి అంజినమ్మ గడపలో కూర్చుని మీ ఉత్తరం కూడబలుక్కుని చదువుతోంది. నేను టమేటా బుట్ట దించుతూ, "ఎవురు పోయినారు?" అని అడిగాను. తల ఎత్తకుండానే "మా ఇంటాయన" అని భోరుమంది. ఆ తర్వాత తలెత్తి నన్ను చూసింది. చూసి అరిచిన అరుపుకు మా ఆవు పలుపు తెంపుకుని హైవే దిక్కు పరుగెత్తింది. దాన్ని పట్టి తెచ్చేసరికి సగం ప్రాణం నిజంగానే పోయింది.

అంజినమ్మ కళ్ళు తుడుచుకుని ఒక మాట చెప్పింది. "నువ్వు బతికే ఉండావని వాళ్ళకి రాయి. కాగితంలో ఒకతూరి చచ్చినావంటే మళ్ళా లేపేది శానా కష్టం."

కాబట్టి దయచేసి నన్ను లేపండి.

ఇట్లు, మీ సజీవుడు,
ఎం. చెన్నరాయప్ప.

తా.క.: ఎన్నడూ చెరగని చిరునవ్వు గురించి మా ఆడమనిషి అడగమంది. పెళ్ళయినప్పటి నుంచి ఇంట్లో అయితే తాను చూడలేదట. ఫ్యాక్టరీలో అది ఎవరికి చూపిస్తున్నానో తనకు తెలియాలట. ఈ సంగతికి మాత్రం కొంచెం త్వరగా జవాబు రాయండి.


హోసూరు,
జూన్ 16.

శోకసంతప్త హృదయురాలైన శ్రీమతి అంజినమ్మ గారికి,

మీ లేఖ అందింది. మీరు తెలుగులో రాశారు గనుక తెలుగులోనే బదులిస్తున్నాం.

ఆప్తులు దూరమైనప్పుడు వారు ఇంటికి నడిచి వచ్చినట్టు, మాట్లాడినట్టు, బుట్ట దించినట్టు కూడా అనిపించడం సహజం. వారి పేరుతో ఉత్తరం రాయడం దుఃఖంలో ఒక దశ. ఇందుకు మీరు సిగ్గుపడనక్కరలేదు. ఆవు గురించి కూడా చింతించకండి. యజమాని లేని లోటును మూగజీవాలు ముందే పసిగడతాయి.

ఆయన గౌరవార్థం ఆయన పేరును హాజరు నుంచి తొలగించాం. సూళగిరి బస్టాండులో నివాళి పోస్టర్లు వేయించాం. గురువారం ఫ్యాక్టరీ దగ్గరి కల్యాణ మండపంలో ఓదార్పు సమావేశం ఉంది. తప్పక రాగలరు.

మీ కన్నీటికి తోడుగా,
మధుమిత.

తా.క.: మరణ ధ్రువపత్రం ఇంకా అందలేదు. దివంగతులు స్వయంగా సంతకం చేసి పంపే కాగితాలు చెల్లవని గమనించగలరు.


సూళగిరి,
జూన్ 21.

మధుమితమ్మకు, పోయినవాడి తరఫున చెన్నరాయప్ప నమస్కారాలు.

మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ఫ్యాక్టరీ గేటు నా వేలిముద్రకు తెరుచుకోవడం లేదు. వాచ్‌మన్ గోకుల్ నాకు బాగా తెలిసినవాడే. నా పెళ్ళిలో పులిహోర వడ్డించినవాడు. అయినా అడ్డం నిలబడ్డాడు.

"సిస్టంలో నువ్వు లేవన్నా. లోపలికి ఇడిస్తే నా పని పోతాది."

"నీ ఎదురుగా నిలబడుండాను కదప్పా!"

"అది నాకు కనిపిస్తాండాది. మిషన్‌కి కనిపించొద్దా?"

సూపర్‌వైజర్ కుమారేశన్ బయటికి వచ్చి చూశాడు. హోసూరు నుంచి కాగితం వస్తే తప్ప తానేమీ చేయలేనని చెప్పి లోపలికి పోయాడు.

గురువారం మీ సమావేశానికి మా ఆడమనిషి రానంది. మొగుడు ఇంట్లో ఉండగా ఏడవడానికి పోతే ఊరు నవ్వుతుందంది. నేనే పోయాను. అక్కడ ఒకాయన నన్ను కూర్చోబెట్టి, ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, "పోయినవాళ్ళు అందులో కూర్చున్నారనుకుని, మనసులో ఉన్నది చెప్పుకోండి" అన్నాడు. నేను లేచి పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆయన చేతిలోని రిజిస్టరు మూసేశాడు.

పోస్టరు కూడా చూశాను. అంత పెద్ద ఫోటో నేను బతికుండగా ఎవరూ వేయలేదు. బస్సు దిగినవాళ్ళు ఫోటో చూసి, నన్ను చూసి, పక్కకు తప్పుకుని పోతున్నారు. టీ అంగడిలో నాకు గ్లాసు ఇవ్వడం మానేసి పేపరు కప్పులో పోస్తున్నారు. నవ్వులాట అనుకున్నాను మొదట. రెండు రోజులుగా నవ్వు రావడం లేదమ్మా. ఉదయం లేచి పనికి పోలేని మనిషి మంచం మీద కూర్చుని తన చేతులు తానే చూసుకుంటాడు. చచ్చినవాడికీ నాకూ తేడా ఏమిటని ఒకసారి నాకే అనిపించింది.

పోస్టరు పక్కన, ఈనాటి పేపరు పట్టుకుని తీయించుకున్న ఫోటో దీంతో పంపుతున్నాను. ఇంతకంటే బతికుండడం నాకు చేతకాదు.

ఇట్లు,
ఎం. చెన్నరాయప్ప.

తా.క.: పోస్టరు కింది భాగాన్ని మేకలు తినేశాయి. 'మరువలేము' అన్న మాట మాత్రం వాటికి కూడా సహించలేదు, వదిలేశాయి.


హోసూరు,
జూన్ 24.

శ్రీ ఎం. చెన్నరాయప్ప గారికి శుభాకాంక్షలతో,

మీరు సజీవులని తెలిసి ఎంతో హర్షిస్తున్నాం. మీ పేరును హాజరులో తిరిగి చేర్చాం. గేటు ఇక మీకు తెరుచుకుంటుంది.

అయితే జీవించి ఉండి కూడా మీరు ఇన్ని రోజులు పనికి రాలేదని మా దృష్టికి వచ్చింది. ఈ గైర్హాజరుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే క్రమశిక్షణ చర్య తప్పదు.

మీ దీర్ఘాయుష్షును కోరుతూ,
మధుమిత.

తా.క.: ఓదార్పు సమావేశంలో ఇచ్చిన శనగ గుగ్గిళ్ళు దివంగతుల కుటుంబాలకు మాత్రమే. మరణించని కారణంగా మీరు అందుకు అర్హులు కారు.


హోసూరు,
జూన్ 28.

చెన్నరాయప్పన్నకు మధుమిత నమస్కారాలు.

అన్నా, ఇది నేనే నా చేత్తో రాస్తున్నాను. ఇంతకుముందు వచ్చినవి ఏవీ నేను రాయలేదు. సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, చదవను కూడా లేదు.

మా ఆఫీసులో ఉండేది ఇద్దరమే, నేనూ మంజూ. చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీల హాజరు, పీఎఫ్, ఉత్తరాలు అన్నీ మేమే చూస్తాం. కృష్ణగిరిలో ఒక మీటింగుకు పోయినప్పుడు, ఏఐ ఉంటే ఇద్దరున్న ఆఫీసు ఇరవైమంది ఆఫీసులాగా పని చేస్తుందన్నారు. నిజమే చెప్పారు. మూడు భాషల్లో నోటీసులు, పీఎఫ్ ఫారాలు, షిఫ్టు పట్టికలు, మేం వారమంతా కూర్చుని చేసేవి ఒక పూటలో అయిపోయాయి. చిత్తుప్రతి రాయించుకుని, చదివి, దిద్దుకున్నన్నాళ్ళు ఏ ఇబ్బందీ రాలేదు. పని పెరిగింది. చదివే తీరిక లేక, ఉత్తరాలు పంపడం, హాజరు మార్చడం, పోస్టర్లకు ఆర్డరివ్వడం కూడా దానికే ఇచ్చేశాం. నా సంతకం ఫోటో తీసి అతికించాం.

మీ ఫోటో చూసి మంజు నవ్వుకుంటూ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేనూ నవ్వాను. తర్వాత మీకు పంపిన పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను.

ఇక మీదట మిషన్ చిత్తు రాస్తుంది, మాలో ఒకరు చదవనిదే ఏదీ పోదు. చావు, ప్రమాదం, పని నుంచి తీసేయడం, ఈ మూడూ దానికి అసలు ఇవ్వం. మీరు సంజాయిషీ ఏమీ ఇవ్వక్కరలేదు. మానేసిన రోజులు సెలవు కింద రాశాను. పోస్టర్లు తీయించాను.

కుమారేశన్ గారి నుంచి "చెన్నరాయప్ప ఎక్స్‌పైర్డ్" అని ఒక్క మెసేజి వచ్చింది. అంతా దానివల్లే. ఆయన ఎవరో చెప్పింది నమ్మి పంపి ఉంటారు. పోనీలెండి, ఎవరూ చనిపోలేదు. నాకదే చాలు.

క్షమించమని అడుగుతూ,
మధుమిత.

తా.క.: ఈ ఉత్తరం నేనే రాశానని నమ్మకం కుదరకపోతే కొట్టివేతలు చూడండి. మిషన్ ఒక్కటి కూడా చేయదు.


సూళగిరి,
జూలై 2.

మధుమితమ్మకు చెన్నరాయప్ప నమస్కారం.

మీ ఉత్తరం చదివి మనసు కుదుటపడింది. మా ఆడమనిషి కూడా, ఈ పిల్ల మంచిదే అంది. కానీ ఎవరూ చనిపోలేదని రాశారే. చనిపోయారమ్మా.

నేను మళ్ళీ పనిలో చేరిన రోజు గేటు దగ్గర ఒకామె కూర్చుని ఉంది. లేత వయసే, మొహం మాత్రం వడలిపోయింది. ఒళ్ళో ప్లాస్టిక్ కవరు. గోకుల్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయమ్మ దినామూ వస్తాదన్నా. మొగుడు చచ్చిపోయినాడు అంటాది. సిస్టంలో చూస్తే ఉండాడు, పనికి రాలేదు అనుండాది. నేనేం చేసేది?"

"ఎవురంట ఆయప్ప?"

"నీ పేరే అన్నా. చెన్నరాయప్ప."

నా పేరు వినపడి ఆమె లేచి నిలబడింది.

ఆమె పేరు మద్దమ్మ. ఉద్దనపల్లి. మొగుడు వి. చెన్నరాయప్ప, మా ఫ్యాక్టరీలోనే పెయింటు షెడ్డులో కాంట్రాక్టు మీద చేసేవాడు. నేనెప్పుడూ చూడలేదు. పోయిన నెల పని ముగించుకుని సైకిల్ మీద హైవే దాటుతుంటే లారీ కొట్టింది. కృష్ణగిరి ఆసుపత్రికి చేర్చేలోపే పోయాడు. కుమారేశన్ మెసేజి తప్పు కాదమ్మా. పేరు ముందు ఒక అక్షరం పెట్టలేదు, అంతే. ఎవరని మీ మిషన్ అడగలేదు. నన్ను గేటు బయట చూసినప్పుడు కుమారేశనూ ఎందుకని అడగలేదు. మొన్న మీరు కూడా అడగలేదు.

కవరులో మీ ఉత్తరాలున్నాయి. అన్నీ ఆయన పేరు మీదే. మొదటిది, చెప్పకుండా పనికి రాలేదేమని. రెండోది, మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని. ఆమెకు చదువు రాదు. వచ్చినప్పుడల్లా ఎవరినో ఒకరిని పట్టుకుని చదివించుకుందట.

"చెప్పకుండా పోయినాడని కోపం చేస్తాండారన్నా. చెప్పేదానికి టైం యాడుండింది ఆయప్పకి? అదే చెబుదామని వస్తా ఉండా. ఈడ ఎవురూ ఇనుకోరు."

మూడోది కవరు కూడా చించలేదు. నా చేతికిచ్చి చదవమంది. ముందు నాలో నేనే చదివాను. సంజాయిషీ అందనందున పని నుంచి తొలగించడమైనది, భవిష్యత్తులో మీకు అన్ని విధాలా శుభం కలగాలని ఆకాంక్షిస్తున్నాం అని ఉంది.

"ఏమనుండాదన్నా?"

నాకు అబద్ధం దొరకలేదు. "తీసేసినారంటమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు. కాగితం మడిచి కవరులో పెట్టుకుంటూ అడిగింది. "చచ్చినాక గూడా తీసేస్తారా?"

గోకుల్ మొహం తిప్పుకున్నాడు. నేను ఆమెను తీసుకుని లోపలికి పోయాను. కుమారేశన్ కుర్చీలోంచి లేచి, "అయ్యో, మెసేజి పెట్టినానే అప్పా, పెట్టినానే" అని అదే మాట అంటూ నిలబడ్డాడు. పని నుంచి వస్తూ పోయినవాడికి రావాల్సిన పింఛనేదో ఉంటుందట. పారిపోయినట్టు రాసినందువల్ల అదీ ఆగిపోయిందట. అది సరి చేయడం మీ చేతిలోనే ఉందని ఆయన చెప్పాడు.

ఇద్దరం ఒకే గేటు దగ్గర నిలబడ్డాం. నేను బతికున్నానని చెప్పుకున్నాను. ఫోటో పంపితే మీరు నమ్మారు. ఆమె ఏ ఫోటో పంపాలి?

ఆదివారం ఉద్దనపల్లిలో ఆయన నెల మాసికం. నేనూ మా ఆడమనిషీ పోతున్నాం. మీరు కూడా రండి. రాయకోట పోయే బస్సెక్కితే ఊరి ముందే దింపుతాడు. ఏం చెప్పాలో ముందుగా రాసుకోవద్దు. వచ్చి ఆమె పక్కన కూర్చోండి, చాలు.

ఇట్లు,
ఎం. చెన్నరాయప్ప.

తా.క.: సరిచేసిన కాగితాలు తెచ్చినా సంచిలోంచి వెంటనే తీయకండి. ఎవరి చేతిలో కాగితం కనిపించినా ఆయమ్మ లేచి నిలబడుతోంది.