గిన్నె కింద ఎండ

ఆగస్టు 18, 2025. సోమవారం

తమ్ముడు రామచంద్రానికి మోకాళ్ల నొప్పి అట్లనే ఉన్నది, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. మరదలు సైదమ్మకు బీపీ గోళీ మార్చారు, నోరు మాత్రం తగ్గలేదు. అల్లుడు వెంకటేష్‌కు నడుం పట్టేసింది, అయినా మగ్గం దిగడు. బిడ్డ సుచరితకు మూడో నెల, మంచినీళ్లు తాగినా వాంతి. మనవరాలు శ్రీవాణికి ముక్కు మీద కొత్త మచ్చలు రెండు. నాకు గుండె దడ. అందరి క్షేమం అయిపోయింది.

ఉత్తరం రాసినట్టు మొదలుపెట్టాను. అయిదో తరగతి దాకా నేర్చుకున్న చదువు నాకు ఉత్తరాలకే పనికొచ్చింది. ఇది మాత్రం ఎవరికీ పంపేది కాదు. హైదరాబాద్ డాక్టరమ్మ నోట్‌బుక్ ఇచ్చి, పిల్ల మీద ఎండ ఎప్పుడు పడింది, ఎంతసేపు పడింది, ఏ మచ్చ వచ్చింది రోజూ రాయమన్నది. అమ్మా, నీకు ఫికర్ తప్ప వేరే పని లేదు గద, నువ్వే రాయి అన్నది సుచరిత.

ఇవాళ ఎండ: లేదు. కిటికీలకు ఎండను ఆపే ఫిల్మ్ అంటించి, దాని మీద దుప్పట్లు కట్టాము.

శ్రీవాణికి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. ముఖం నిండా నువ్వులు చల్లినట్టు మచ్చలు. కాసేపు ఎండ తగిలితే చాలు, చర్మం ఉడికినట్టు అవుతుంది. ఇక్కడి డాక్టర్లు అలర్జీ అన్నారు. మూడేళ్లు ఏవో క్రీములు పూశాము. పుట్టిన నెలలో నూనె రాసి రోజూ పొద్దటి ఎండలో పడుకోబెట్టింది నేనే. ఎముకలు గట్టిపడాలని. అందరి పిల్లలకూ అట్లనే చేస్తాము. చాలు.

ఆగస్టు 19. పగలు పదకొండు దాటింది

మగ్గం గది పైకప్పులో వెలుతురు కోసం ఎప్పుడో వదిలిన రంధ్రం ఉన్నది. దాని మీద బండ మూత. కోతులు జరిపినట్టున్నాయి. రూపాయి బిళ్లంత ఎండ నేల మీద పడింది.

పాత మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంట పక్కన శ్రీవాణి బొమ్మతో ఆడుకుంటున్నది. పొద్దు కదిలినకొద్దీ ఎండ బిళ్ల కూడా కదులుతుంది కదా. అది దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్ల జానెడు పక్కకు జరుగుతున్నది. అటు చూడదు. వీపు అటే పెట్టి, బొమ్మతో ముచ్చట పెట్టుకుంటూనే జరుగుతున్నది.

మూత మూసేందుకు కర్ర వెతుకుతున్నాను. ఈలోపు పిల్ల లేచి వెళ్లి, అటక కింద పాత సామాన్లలో నుంచి ఇత్తడి గిన్నె ఒకటి తెచ్చి, ఎండ మీద బోర్లించింది. సరిగ్గా దాని మీదనే. మళ్లీ వచ్చి కూర్చున్నది.

ఎవరు చెప్పారే నీకు అన్నాను. ఎవ్వలు చెప్పలే అమ్మమ్మా, అది గిట్ల మూస్తేనే ఊకుంటది అన్నది.

కర్ర వెతకడం మానేసి, వంగి గిన్నె అంచు చూశాను. ఎందుకో ఇక్కడ రాయను.

ఆగస్టు 20

మచ్చలు లెక్కపెట్టాను. ఎడమ చెంప మీద నలభై ఒకటి. తర్వాత నా చేతుల మీదివి కూడా లెక్కపెట్టాను.

ఆగస్టు 26. మంగళవారం

చీకటితోనే బయలుదేరి హైదరాబాద్ పోయి వచ్చాము. పిల్ల రక్తం రిపోర్ట్ వచ్చింది. అలర్జీ కాదు.

డాక్టరమ్మకు మేము నేతవాళ్లమని తెలుసు. అమ్మా, మనిషి ఒంట్లో ప్రతి కణంలో మీ మగ్గం మీది పడుగు పోగుల్లాంటిది ఉంటుందనుకోండి, దాన్నే డీఎన్ఏ అంటారు అన్నది. ఎండ పడితే పక్కపక్కనున్న రెండు పోగులు అంటుకుంటాయట. గంజి ఎక్కువైతే మా పడుగు అంటుకున్నట్టే. ఒక్క శ్రీవాణికే కాదు, అందరికీ అంటుకుంటాయి, మీకు కూడా అన్నది. నేను చేతులు కొంగు కింద పెట్టుకున్నాను.

మరి మనకు పుండ్లు ఎందుకు లేవంటే, ఒంట్లో బాగుచేసే పని ఆగదట. చెడిన ముక్కను కత్తిరించి తీసేసి, ఎదురుగా ఉన్న పోగును చూసుకుంటూ కొత్తది అల్లుతుందట. శ్రీవాణి ఒంట్లో ఆ కత్తిరించే చెయ్యి లేదు. చెడినవి చెడినట్టే పేరుకుపోతాయి. అవే మచ్చలు. రేపు అవే క్యాన్సర్. ఎండ దగ్గరికి రానీయకుండా కాపాడుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది అన్నది.

మరి మా ఒంట్ల ఆ పని పక్కాగ జరుగుతాందా మేడం అని వెంకటేష్ అడిగాడు. పక్కాగా ఎవరికీ జరగదు అని నవ్వింది. లక్షల్లో ఒకటో రెండో తప్పులు జారిపోతాయట. చాలావాటితో ఏమీ కాదు, కొన్ని రోగాలవుతాయి, కొన్నిటి వల్లనే మనిషికీ మనిషికీ తేడా వచ్చింది అన్నది. ఒక్కటీ జారకపోతే లోకంలో కొత్తది పుట్టేదే కాదట.

మా అత్త గుర్తుకొచ్చింది. ఒకసారి అంచులో పోగు తప్పి నేసింది. చూసుకునేలోపే షావుకారు చీర తీసుకుపోయాడు. మరుసటి నెల వచ్చి, గదే అంచు కావాలె అన్నాడు. నారాయణపేటలో ఇప్పటికీ నేస్తున్నారు. కానీ తప్పింది ఒక్క పోగు. చీరంతా తప్పితే ఎవరు కట్టుకుంటారు?

ప్రతి మనిషికీ రెండు పడుగులట, తల్లి వైపుది ఒకటి, తండ్రి వైపుది ఒకటి. ఒకదాంట్లో తప్పుంటే రెండోది కాపాడుతుంది. మేనరికంలో ఒక్క ఇంటి నూలే రెండు దిక్కుల నుంచి వస్తుంది కాబట్టి అదే తప్పు రెండింట్లోనూ పడొచ్చు అన్నది. వెంకటేష్ నా తమ్ముడి కొడుకు. సుచరిత నా బిడ్డ. ఆ సంబంధం కలిపింది నేను.

సుచరిత కడుపులో ఉన్నదానికి కూడా నాలుగింట ఒక వంతు భయం ఉన్నదట. పన్నెండో వారంలో సన్న సూదితో పరీక్ష చేస్తే తెలుస్తుందట. తెలిశాక ఏం చెయ్యాలో మీ ఇష్టం, ముందు తెలియడం మంచిది అన్నది.

చివర్న నా వైపు తిరిగి, మీ పెద్దల్లో ఎవరికైనా ఇట్లా ఉండేదా అని అడిగింది. మొదటిసారి అడిగినప్పుడు తల అడ్డంగా ఊపాను. ఇవాళ కూడా ఊపాను.

ఎండ: కారు దిగి లోపలికి పోయేదాకా రెండు నిమిషాలు. గొడుగు ఉన్నది.

ఆగస్టు 29

ఇంట్లో లొల్లి. డాక్టర్లకేమెరుక, గ్రహణం నాడు కడుపుతోని కత్తెర పట్టిందెవలు అన్నది సైదమ్మ. అయిదేళ్ల నుంచి ఇదే మాట. శ్రీవాణి కడుపులో ఉన్నప్పుడు సూర్యగ్రహణం పట్టిన పొద్దున, సుచరిత మరిచిపోయి మగ్గం మీద పోగు కత్తిరించింది. అంతే. ఆనాటి నుంచి నా బిడ్డ కత్తెర ముట్టదు. పోగును పళ్లతో కొరుకుతుంది.

నేను సూదికి రాను అన్నది సుచరిత. ఏడో తారీకు చంద్రగ్రహణం ఉన్నది గద, ఈసారి కట్టెలెక్క పండుకుంట, వేలు గూడ కదపను, పరీక్ష ఎందుకు అన్నది. మేడం చెప్పింది ఇన్లేదా, అది మన పెద్దోళ్ల నుంచి వచ్చిందట అని వెంకటేష్ అన్నాడు. పెద్దోళ్లల్ల ఎవలికుండె, ఒక్కని పేరు చెప్పు, ఒక్కటంటే ఒక్క పేరు చెప్పు, రేపే వస్త అన్నది.

అందరూ నా దిక్కు చూశారు. ఇంట్లో పాతమనిషిని నేనే. ఎవలికి లేకుండె అన్నాను.

ఆగస్టు 31

వెంకటేష్ బండ సరిచేసి, మీద మూడు ఇటుకలు పెట్టాడు. అయినా పదకొండింటికి ఎండ బిళ్ల మళ్లీ పడింది.

సెప్టెంబర్ 4. గురువారం

ఒకరికి ఉండేది.

గుర్వయ్య. నా కంటే రెండేళ్లు చిన్న. ఇదే ఇల్లు, ఇదే మగ్గం గది. రామచంద్రం అప్పుడు ఊయలలో ఉన్నాడు, వానికి తెలియదు. తెలిసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. గుర్వయ్య ముఖం నిండా నువ్వులు చల్లినట్టు ఉండేది. బాపు నేస్తుంటే వాడు రెండో మగ్గం గుంటలో, శ్రీవాణి ఇప్పుడు ఆడుకునే చోటనే, కూర్చునేవాడు. చల్లగా, చీకటిగా ఉంటుందని. పైనుంచి ఎండ బిళ్ల పడేది. మా అమ్మ దాని మీద గిన్నె బోర్లించేది.

అదే ఇత్తడి గిన్నె. అంచుకు సొట్ట. శ్రీవాణికి నేను ఎప్పుడూ చూపలేదు.

అమ్మ నీళ్లకు పోయినప్పుడు నేను ఒకసారి గిన్నె ఎత్తాను. వాణ్ని భయపెట్టాలని, ఆటకు. ఒకసారి కాదు, చాలాసార్లు. వాడు ఏడ్చేవాడు కాదు. వీపు ఇటు పెట్టి జానెడు పక్కకు జరిగేవాడు. తర్వాత కంటి మీద పుండు లేచింది. ఏడేళ్లకు పోయాడు. లీలా, జ్వరమొచ్చి పోయిండని చెప్పు, అసలు సంగతి చెప్తే ఈ ఇంటి పిల్లను ఎవ్వలు చేసుకోరు అన్నది అమ్మ. అడిగినవాళ్లకు జ్వరమనే చెప్పాను; ఇంట్లో వాని పేరే ఎత్తకుండా యాభై ఏడేళ్లు గడిచాయి.

ఇప్పుడు పేరు చెప్తే, తెలిసి తెలిసి సంబంధం కలిపావా అంటారు. నాకు తెలియదు. ఒక్క పిల్లవానితో అయిపోయిందనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు నయమనిపించింది, అందుకే అనుకున్నాను.

సెప్టెంబర్ 8. సోమవారం

నిన్న గ్రహణం. మధ్యాహ్నం నుంచే సైదమ్మ నీళ్ల మీద, పచ్చళ్ల మీద గరిక వేసింది. తలుపులు, కిటికీలు బంద్. వాడకట్టంతా బంద్. శ్రీవాణి తలుపు సందులో నుంచి చూసి చప్పట్లు కొట్టింది. అమ్మమ్మా, ఇయ్యాల అందరిండ్లు మనిల్లే అయినయి అన్నది. అందరికి నా లెక్కనే అయిందా అన్నది. సంతోషంగా అడిగింది.

సుచరిత వెల్లకిలా పడుకున్నది. నేను పక్కన కూర్చున్నాను. దాహమైనా అడగలేదు. చెమటకు ఈగ వాలితే కొట్టుకోలేదు. ఎవరితోనో గుసగుసలాడుతున్నదని వంగి విన్నాను. కడుపుతో మాట్లాడుతున్నది. నేను కదలలే బిడ్డా, ఈసారి నేను కదలలే, యాదికుంచుకో అంటున్నది.

సెప్టెంబర్ 9

చెప్పేశాను. పిల్ల లోపలి గదిలో నిద్రపోయిందని రెండుసార్లు చూసుకుని, తలుపు దగ్గరికి వేసి, నలుగురి ముందర చెప్పాను. గిన్నె ఎత్తిన సంగతి కూడా.

రామచంద్రం గోడ పట్టుకుని అట్లనే నిలబడ్డాడు. అక్కా, నాకొక అన్న ఉండెనా అన్నాడు. అదొక్కటే అన్నాడు. ఇన్నేండ్లు నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా వదినా, నేను ఈ పిల్లను అనరాని మాటలంటుంటె ఇనుకుంట కూసున్నవా అన్నది సైదమ్మ. తిట్టే నోరే, ఏడ్చింది.

సుచరిత ఏడవలేదు. పేరేంది అన్నది. చెప్పాను. ఎన్నేండ్లకు పోయిండు అన్నది. చెప్పాను. అయిదేండ్లాయె నేను కత్తెర ముట్టక, నువ్వు చూస్తనే ఉన్నవు గద అమ్మా అన్నది.

రోజూ చూశాను.

సుచరిత లేచి మగ్గం దగ్గరికి పోయింది. గూట్లో కత్తెర తీసి, వేలాడుతున్న పోగును కత్తిరించింది. చిన్న చప్పుడే. తర్వాత వెంకటేష్‌తో, ఫోన్ చెయ్యి, సూదికి వస్తనని చెప్పు అన్నది. నాతో ఇంకా మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెట్టింది.

సెప్టెంబర్ 12. శుక్రవారం

ఎండ: లేదు. నిన్న వెంకటేష్ రంధ్రానికి సిమెంటు పోశాడు. గది చీకటి.

పదకొండింటికి శ్రీవాణి గిన్నె తెచ్చి, ఎప్పుడూ పెట్టే చోటనే బోర్లించింది. ఇప్పుడు ఎండ రాదు గదనే అన్నాను. నాకు తెలుసమ్మమ్మా, గుంటల కూసున్న పిల్లగానికి తెల్వది గద, బంద్ జేసిండ్రని అన్నది.

ఈ ఇంట్లో గుర్వయ్య మాట పిల్ల ముందర ఎవరూ అనలేదు. నేను గిన్నె తియ్యలేదు.

దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఆ తప్పు నా పడుగులో కూడా ఉన్నదేమో చూస్తారట, రక్తం ఇవ్వడానికి నన్ను కూడా రమ్మన్నారు. సెప్టెంబర్ 16, మంగళవారం, పొద్దున పది గంటలకు.