వెనక తలుపు

పలమనేరు,
12-3-1947

డాక్టరమ్మ గారికి, మందుల వ్యాను డ్రైవరు నమస్కరించి వ్రాసుకొనే మనవి.

మీరు కంటి ఆపరేషను చేసి పంపిన గంగులమ్మ ఇంకా తన ఊరు చేరలేదు. ఈ వ్యానులోనే, నేను పడుకునే మంచం మీద ఉన్నది.

ఆమె దగ్గితే కుట్లు తెగుతాయని మీరు మరీ మరీ చెప్పారు. మూడేండ్లుగా ఈ బండిలోనే వండుకు తిని బతుకుతున్నాను. మట్టిరోడ్డు మీద వెనక తలుపు బిగించి ముందు కిటికీలు తెరవాలని నాకు తెలుసు. కానీ నిన్న ముందు గాలి నేరుగా కంటికట్టు మీద కొడుతుందని భయపడి, కిటికీలు మూసి వెనక తలుపు తెరిచాను. బండి లేపిన దుమ్మంతా వెనకనుంచి లోపలికే వచ్చింది. ఆగి చూసేసరికి పొయ్యి, బియ్యం డబ్బా, ఆమె చీర అన్నీ ఎర్రమన్నే. ఆమె ఊపిరాడకుండా దగ్గుతున్నది. వెంటనే వెనక్కు తిప్పుకొని పలమనేరు వచ్చాను. ఇంకా తోలితే మళ్ళీ దగ్గుతుందని మీ దాకా తేకుండా ఇక్కడే ఆపాను.

రోడ్డు బాగాలేదని వ్రాద్దామనుకున్నాను. తప్పు రోడ్డుది కాదమ్మా.

కట్టు లోపలినుంచి తడిసింది. విప్పి చూసే ధైర్యం నాకు లేదు. ఈ ఉత్తరం తెచ్చే బస్సు సాయంత్రం తిరిగి వస్తుంది. దయచేసి దానిలో రండి.

గంగులమ్మకు ఏమీ చెప్పలేదు. పొద్దున ముఖం తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "ఇంత బద్రంగా తోలుకొచ్చినావు నాయనా, కట్టిప్పినాక మొట్టమొదట నీ మొగమే సూస్తాను" అన్నది.