ఎదురు స్టాండులో మీ సీటు

షెఫీల్డ్,
మంగళవారం

మార్జరీ గారికి,

మీ ఆయన క్లైవ్ గారు పోయాక మీరు అడిగినట్టే, మన కంపెనీ మొదటి ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లోంచి ఆయన ముఖం తీసేశాం. తివాచీల దుకాణం పైనున్న ఇరుకు గదిలో ఆ బొమ్మలన్నీ గీసింది ఆయనే కదా. ప్రేక్షకులకు మనవాళ్ల ముఖాలే పెట్టేవారు. తాను ఇవతలి ప్రేక్షకుల స్టాండులో కూర్చుని, మిమ్మల్ని మాత్రం ఎదురు స్టాండు చివర కూర్చోబెట్టారు.

"పక్కనుంటే ఆట చూడనివ్వదురా, అక్కడే ఉండనీ" అన్నారు.

మీరు టీ కప్పు ఆయన ముందు పెట్టి, "ఎక్కడ కూర్చోబెట్టినా చివరికి నా పక్కకే రావాలిగా" అన్నారు. అందరం నవ్వాం.

కంపెనీ మూసేలోపు ఆ ఆటను కొత్త కంప్యూటర్లలో నడిచేలా సిద్ధం చేస్తున్నాం. ఆయన సీటు ఖాళీగానే ఉంది. దాని పక్క సీటు మీద మాత్రం ఒక గోధుమరంగు కోటు కనిపిస్తోంది. నిజమైన మ్యాచ్‌లకు వెళ్లినప్పుడు ఆయన అలాగే కోటు పరిచి మీకు చోటు ఉంచేవారు. దాన్ని మాలో ఎవరూ గీయలేదు. చెరిపేస్తే మర్నాటికి మళ్లీ అక్కడే ఉంటోంది. మీ మనసు కష్టపెట్టడం ఎందుకని ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఈ ఉదయం ఆట తెరిస్తే కోటు లేదు. ఎదురు స్టాండు చివర మీరూ లేరు.

మీ ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ తీయడం లేదు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా నేనే పట్టుకుని మీ ఇంటికి బయలుదేరుతున్నాను. తలుపు తీసి నన్ను నాలుగు తిట్టండి, చాలు.

మీ చేతి టీ తాగి పెరిగినవాడు