తీగ మీద టేపు ముక్కలు

జూన్ 3
రేడియో రిపేరు కొట్టు మూసేశాను. టేపు రికార్డరు ఇంటికి చేరింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇంట్లో చప్పుళ్లు రికార్డు చేసి, కోసి, అతికించి కొత్తగా వినిపించడం నా పిచ్చి. ఇప్పుడు దాన్నే రీమిక్స్ అంటారట. మా ఆవిడ ఒక్కటీ చివరిదాకా వినలేదు. రెండో నిమిషంలో పొయ్యి మీద ఏదో గుర్తొచ్చి లేస్తుంది, పొయ్యి వెలిగించని పూట కూడా.

28న లైబ్రరీలో ఇలాంటి పిచ్చివాళ్ల సభ, ఎవరి రీమిక్స్ వాళ్లు వినిపించాలి. ఈసారైనా ఆవిడ చివరిదాకా కూర్చోవాలి. అంతకన్నా నాకేం అక్కర్లేదు.

జూన్ 9
ఆవిడ కుట్టుమిషను చప్పుడు సగం స్పీడులో పెట్టాను. దున్నపోతు నిట్టూర్పులా ఉందట. వెనక్కి తిప్పాను. అదే దున్నపోతు మనసు మార్చుకున్నట్టుందట.

జూన్ 10
అదే చప్పుడు మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేశాను. నిద్రపోయింది.

జూన్ 15
బావమరిది లాప్‌టాప్‌తో దిగాడు. వాడూ సభకి వస్తాడట. బావా, ఇంకా ఆ కత్తెరేమిటి, క్షవరం చేస్తావా అన్నాడు. కత్తెర మహిమ వాడికేం తెలుసు. వెనకటికి ఒక ప్లీడరు గారి ఉపన్యాసం టేపు నలిగితే, నలిగిన మూడు గజాలూ కోసేసి అతికించి ఇచ్చాను. ఉపన్యాసం ఇప్పుడే బాగుందని ఆయనే వచ్చి మెచ్చుకున్నాడు. నా చదువు అక్కడే మొదలైంది.

జూన్ 22
టేపుని నలభై ఒక్క ముక్కలుగా కోసి, అతికించాల్సిన వరసలో బాల్కనీలో బట్టల తీగకి క్లిప్పులతో తగిలించి, అంటించే టేపు కోసం బజారుకి వెళ్లాను. వాన. ఆవిడ బట్టలతో పాటు ముక్కలన్నీ తీసేసింది. వాన వెలిశాక బట్టలు ఆరేసే పద్ధతిలోనే మళ్లీ తగిలించింది: పొట్టివి ఈ చివర, పొడుగువి ఆ చివర. వరస ఎక్కడా రాసుకోలేదు. నోరు జారాను. తడుస్తుంటే తీశాను, ఈసారి కొట్టుకుపోయినా ముట్టను అంది.

జూన్ 23
కాఫీ గ్లాసు బల్ల మీద టక్కున పెట్టి వెళ్లింది.

జూన్ 26
గడువు దగ్గరపడింది. చేసేది లేక ఆవిడ తగిలించిన వరసలోనే అతికించాను. ముందు పొట్టివి: కత్తెర టక్కుమనడం, ఆవిడ ఊఁ అనడం, మిషను రెండు కుట్లు కుట్టి ఆగడం. క్రమంగా పొడుగువి. చివరికి మిషను ఆగకుండా పరుగు. ఒక మనిషి పనికి కూర్చుని, పనిలో పడిపోయినట్టుంది. ఇన్నేళ్లూ ఇది నాకెందుకు తట్టలేదో.

జూన్ 28
అప్పటిదాకా చప్పట్లన్నీ బావమరిదికే. నా వంతు వచ్చింది. ఆవిడ ముందు వరసలో ఉంది, ఒళ్లో సంచీ. రెండో నిమిషం దాటింది. సంచీ కదల్లేదు. నాలుగో నిమిషం. నేను టేపు వినడం మానేసి సంచీనే చూస్తున్నాను.

అయిపోయాక ఆవిడ తమ్ముడితో అంటోంది, మీ బావ పనితనం పర్లేదు గానీ ఆ చివరి ముక్క జానెడు పొడుగైందిరా, నేనైతే కత్తిరించేదాన్నని.

చివరి ముక్క.

జూన్ 29
నా కత్తెర కనపడలేదు. బాల్కనీలో ఉంది, ఆవిడ చేతిలో; ఎదురుగా తీగకి నా టేపు చివరి ముక్క. పని జరుగుతోంది, అడ్డు రాకండి అంది.