ఎనభై ఎడమ చేతులు

అక్కయ్యకు, నీ చెల్లెలు ప్రేమతో నమస్కరించి రాస్తున్న సంగతులు.

ఇక్కడ మేమంతా కులాసా. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది కానీ తగ్గిందని ఒప్పుకోదు. ఒప్పుకుంటే మెట్లెక్కమంటామని భయం. మీ మరిది కొత్త కళ్ళజోడు పెట్టుకున్నప్పటినుంచి ఇంట్లో దుమ్మంతా ఏరి ఏరి నాకే చూపిస్తున్నారు. బావగారూ పిల్లలూ నువ్వూ అక్కడ హాయిగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకి జవాబులు. కటింగు బల్ల కుంటి కాలు బాగు చేయించాం. నీ పెద్ద కత్తెరకి సాన పట్టించాను. బట్ట పరిచే పొడుగమ్మాయి ఇంకా గుమ్మం దగ్గర వంగడం మర్చిపోయి నుదురు కొట్టుకుంటూనే ఉంది. ఇక ఆఖరిది: "ఓనరుగారు నన్ను మళ్ళీ రమ్మని రాశారు. కటింగు గది నీకు బరువైతే చెప్పు, పిల్లల్ని అత్తయ్యగారి దగ్గర వదిలి ఆరు నెలలు వచ్చి చూసుకుంటా" అన్నావే, ఈ ఉత్తరమంతా దానికే. ఓపిగ్గా చదువు.

కిందటిసారి "గదంతా నా గుప్పిట్లో ఉంది" అని రాశాను. పచ్చి అబద్ధం. నువ్వు మేస్త్రీగా ఉన్నప్పుడు ఒక్క కేక వేస్తే అందరి మిషన్లూ ఆగేవి. మరుక్షణం నువ్వే ఏదో అని అందర్నీ నవ్వించేదానివి. నేను ఆ కేక ఒక్కటే పట్టుకున్నాను. నోట్లో నాలుక లేనిదాన్ని మేస్త్రీని చేశారని ఎవరైనా అంటారేమోనని, పొద్దున్నే వచ్చి చీపురు దగ్గర్నుంచి దారపుండ దాకా అన్నిటినీ తిట్టేదాన్ని.

అంతలో బ్యాండు మేళం వాళ్ళవి నలభై కోట్లు కుట్టడానికి వచ్చాయి. నీలం బట్ట, ఒకవైపే మెరుపు; కాలరు మాత్రం ఎర్రది. మెరుపు నలగకూడదని కోటు చేతులకి పొరలన్నీ మెరుపు పైకే పెట్టి పరవమన్నాను. నువ్వు ఈపాటికి తల పట్టుకునే ఉంటావు. ఒక పొర ముఖం ఇంకో పొర ముఖాన్ని చూస్తేనే కదా, కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ జతగా వచ్చేది! నేను కోసినవి ఎనభై. ఎనభైకి ఎనభై ఎడమ చేతులే. ఆ బట్ట మళ్ళీ దొరకదు. పన్నెండు రోజుల్లో కోట్లు ఇవ్వాలి.

ఓనరుగారు రెండు చేతులు తీసి పక్కపక్కన పెట్టి, "ఈ మేళంలో అందరికీ రెండూ ఎడమ చేతులేనా అమ్మా?" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కత్తెర పెట్టకముందే పొడుగమ్మాయి "అక్కా, మరి చేతులకి..." అని ఏదో చెప్పబోయింది. "నోరు మూసుకుని చెప్పింది చెయ్" అన్నాను, అంతమంది ముందు. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కనిపించాయి కూడా.

మర్నాడు అరవడానికి గొంతూ లేదు, మొహమూ లేదు. అందర్నీ పిలిచి, "తప్పు నాది. ఈ అమ్మాయి చెప్పబోతే నేనే విన్లేదు. ఇప్పుడేం చెయ్యాలో నాకు తోచడం లేదు" అన్నాను. ఆ తర్వాత నాకు చేతనైన పని చేశాను. భోజనాల దగ్గర ఏళ్ళ తరబడి నేను మాట్లాడింది తక్కువ, విన్నది ఎక్కువ. ఎవరి చేతిలో ఏ పని ఉందో నాకు తెలుసు. కాజాలు కుట్టే పిన్ని ఇక్కడ చేరకముందు పాత కోట్లు విప్పి తిరగేసి కుట్టేదట, ఎప్పుడో ఉప్పు అందిస్తూ అంది. ఒక ఎడమ చెయ్యి పట్టుకుని ఆవిడ దగ్గరికెళ్ళాను. "పిన్నీ, దీన్ని కుడి చెయ్యి చెయ్యగలమా?"

ఆవిడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "భుజం వంపుని రెండంగుళాలు కిందికి దించి మళ్ళీ కొయ్యి, ముందువైపు లోతు ఇటు మారిపోద్ది. పొడుగు తగ్గుద్దనుకో, మణికట్టు దగ్గర ఎర్ర కాలరు గుడ్డతో పట్టీ వేస్తే సరి. రెండు చేతులకీ వెయ్యాలి మరి."

"ఇంత పని వచ్చని ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"ఎవరడిగారే తల్లీ! కాజాలు కుట్టమన్నారు, కుడుతున్నా."

ఆ పనికి పిన్నినే పెద్దని చేశాను. అస్తమానం కీచులాడుకునే తోడికోడళ్ళిద్దర్నీ పక్కపక్క మిషన్ల మీద కూర్చోబెట్టి చెరో ఇరవై చేతులు ఇచ్చాను. పోటీపడి కుట్టి పారేశారు; ఎవరిది ముందు అయిందో ఇంకా తేలలేదు. పొడుగమ్మాయిని నా పక్కన నిలబెట్టుకుని, "నువ్వు సరే అంటేనే నేను కత్తెర పెడతా" అన్నాను. మూడుసార్లు ఆపింది. రెండుసార్లు దాని మాటే నిజం. మూడోసారి ఉత్తినే, అధికారం రుచి చూడ్డానికి!

పదకొండో రోజుకే కోట్లు తయారు. బ్యాండు మాస్టరుకి జరిగింది దాచకుండా చెప్పాను. "పట్టీలు మేం అడగలేదే" అన్నాడు. కోటు తొడుక్కుని అద్దం ముందు చెయ్యెత్తి దించి, "అడగాల్సింది!" అన్నాడు. వాళ్ళు మా వీధిలోనే నిలబడి ఒక పాట వాయించారు. పిన్ని గుమ్మంలో చప్పట్లు కొడుతుంటే నేను ఏడ్చాను, నవ్వాను కూడా. అంత సంతోషం ఇదివరకు ఎరగదు నా మనసు.

ఇక అసలు సంగతి. ఓనరుగారు తనంతట తాను నిన్ను పిలవలేదు. చేతులు పాడైన రోజే నేను వెళ్ళి, "నావల్ల కాదండీ, మా అక్కని పిలిపించండి" అన్నాను. నా తప్పు కప్పుకోవడానికి పిల్లల్ని నీకు దూరం చెయ్యబోయాను. మన్నించు అక్కా.

నిన్న ఆయన గదిలోకి వచ్చి, "మీ అక్కయ్య వస్తానన్నారు. ఏమని రాయమంటావు?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే పొడుగమ్మాయి, "ఎందుకండీ, మా మేస్త్రీ ఇక్కడే ఉందిగా" అంది. "నేనే రాస్తానండీ" అన్నాను.

కాబట్టి రాస్తున్నాను. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని రా, నెల రోజులు ఉండు, నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టు. పనికి మాత్రం రావద్దు. ఈ గది నేను చూసుకోగలను.

ఇట్లు,
నీ చెల్లెలు,
(సంతకంలో మొదటిసారి రాసుకుంటున్నాను, నవ్వకు)
కటింగు మేస్త్రీ.