కుమ్మరి గల్లీ మోరీలో పోసిన నూనె

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,
బోధన్ రోడ్డు, కుమ్మరి గల్లీ నివాసి, మిర్చి బండి నడుపుకొను నూకల ముత్తన్న వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గల్లీ మోరీ సాఫు చేయుచు మరణించిన కార్మికుడు హనోకు మందు తాగి లేడనియు, మోరీ పూడుటకు కారకుడను నేనేననియు తెలియజేయుట గురించి.

1. నేను చక్కెర ఫ్యాక్టరీలో పాకం కాచే పాన్ హౌసులో పద్దెనిమిదేండ్లు పనిచేసితిని. ఫ్యాక్టరీ మూతపడిన పిమ్మట మిర్చి బండి పెట్టుకున్నాను. రోజూ పొయ్యి ఆర్పినాక కడాయిలో మిగిలిన మాడునూనె, గిన్నెల జిడ్డు ఇంటి ముందరి మోరీలో పోసేవాడను. వెనుకనే బకెట్టెడు కాగిన నీళ్లు పోసేవాడను. ఫ్యాక్టరీలో పైపుల్లో పాకం గడ్డకడితే వేడినీళ్లతోనే వదిలించేవాళ్లం. చక్కెర కరిగి పోయేది. నూనె కూడా అట్లే పోతుందని నమ్మితిని. నా ఇంటి ముందు మోరీ ఏనాడూ నిండలేదు గనుక నమ్మకం గట్టిపడింది. గల్లీలో పదకొండు ఇళ్లకు ఈ ఉపాయం నేనే చెప్పినాను. వాళ్లూ తాలింపు నూనె, మాంసం కడిగిన నీళ్లు, అన్నం మెతుకులు అట్లే పోశారు.

2. నూనె కరిగిన మాట నిజమే. నలభై అడుగులు పోయి, బండలు కప్పిన మలుపు దగ్గర చల్లారి మళ్లీ గడ్డకట్టింది. ఇది నాకు తెలియదు. వాన పడ్డప్పుడల్లా మలుపు కాడ ఉండే ఈరవ్వ అను ముసలామె ఇంట్లోకి మురికినీళ్లు వచ్చేవి. హనోకు మోరీ తీయడం లేదని తమ కార్యాలయమునకు మూడు అర్జీలు పెట్టింది కూడా నేనే. నా చేతిరాత బాగుంటుందని గల్లీ వాళ్లు నాతోనే రాయిస్తారు. మూడవ దానిలో 'సదరు కార్మికునిపై కఠిన చర్య' అని వ్రాసితిని. వ్రాసినప్పుడు ఆ మాట నాకు నచ్చింది.

3. జూన్ తొమ్మిదిన పొద్దున హనోకు పార పట్టుకుని వచ్చినాడు. ఇవాళ మలుపు తీయకపోతే రేపటి నుండి పనికి రావద్దని కాంట్రాక్టరు అన్నాడట. నా బండి దగ్గర నిలబడి చాయ్ తాగినాడు. మందు వాసన లేదు. ఆదివారం చర్చిలో కానుకల సంచి పట్టే మనిషి, మందు ముట్టడు.

"ముత్తన్నా, తెల్లగ సబ్బుగడ్డ లెక్క ఏందో అడ్డం పడ్డది. పారకు తెగుతలేదు. దిగి తీస్త" అన్నాడు.

అక్కడ మోరీ మనిషి లోతు ఉంటుంది. బండ జరిపి దిగినాడు, పైకి రాలేదు. తాడేసి గుంజేసరికి ప్రాణం లేదు. లోపల విషపు గాలి ఉండెనని నిజామాబాద్ నుంచి వచ్చిన ఫైరింజను వాళ్లు అన్నారు. అతనితో పాటు రెండు తట్టల తెల్లటి జిడ్డు బయటికి తీశారు. వాము వాసన వచ్చింది. మా గల్లీలో మిర్చిలో వాము కూరేది నేనొక్కడినే.

4. కాంట్రాక్టరు తన నివేదికలో 'మద్యం మత్తులో కాలు జారి పడెను' అని వ్రాయించినాడు. ఆ ఒక్క మాట వలన హనోకు భార్య శారమ్మకు నష్టపరిహారం లేదు, భర్త పని ఆమెకు ఇవ్వరు. విచారణకు వచ్చినవారు నన్ను అడిగినారు. నోరు విప్పితే మోరీ ఎందుకు పూడిందో కూడా అడుగుతారని, బండి తీసేస్తారని భయపడి, ఏమీ చూడలేదంటిని. తరువాత శారమ్మ వచ్చింది.

"అన్నా, నీ కాడనే చాయ్ తాగి దిగిండట గదా. మందు తాగి ఉన్నడా? ఒక్క మాట చెప్పు."

చూడలేదమ్మా అన్నాను. ఆమె వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే మిర్చి వేసినాను. జనం తిన్నారు. నేనూ రెండు తిన్నాను. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు.

5. ప్రస్తుతం మాడునూనె చల్లార్చి డబ్బాల్లో పోస్తున్నాను. మంచం కింద ఆరు డబ్బాలు చేరినవి. చెత్త బండి వాళ్లు మేము తీసుకోము అన్నారు. ఎవరికి ఇవ్వవలెనో తెలుపగలరు. గిన్నెల జిడ్డు కాగితంతో తుడిచి చెత్తలో వేయండని ఇల్లిల్లూ తిరిగి చెప్పితిని. వేడినీళ్లు పోయమన్నది నువ్వే గదా అంటున్నారు. నిజమే.

కావున నివేదికలోని మద్యం మాట కొట్టివేయించి, నా మూడు అర్జీలు రద్దుపరచి, జరిమానా గానీ కేసు గానీ నాపై పెట్టవలెనని వేడుకొనుచున్నాను. ఇందులో వ్రాసినది ఎవరి ముందైనా చెప్పుదును. తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నూకల ముత్తన్న

తా.క.: సారూ, ఈ కాయిదం మీకు ఇయ్యకముందు శారమ్మ ఇంటికి పోయి సదివి ఇనిపించిన. దర్వాజ కాడ నిలబడే ఇన్నది. నన్ను కూసొమ్మనలే. అయిపోయినంక కాయిదం గుంజుకొని అడుగున సూసింది. "సంతకం ఏది?" అన్నది. పెన్ను తేలేదన్న. లోపలికి పోయి హనోకు హాజరు బుక్కుల పెట్టుకునే పెన్ను తెచ్చిచ్చింది. నేను పెట్టేదాక ఆడనే నిలబడ్డది.